దిరిసెనకు పూచీ

తోటమాలి సాయిలు గొడ్డలి తిరగేసి చెట్టు మొదలు మీద మళ్లీ బాదాడు. పైన ఎండుకాయలు గలగలమన్నాయి. కొమ్మల్లో ఒక్క ఆకు లేదు.

"నీ పాడుగాను! తాగిన నీళ్లన్నీ యాడవోయినయే? చిగురు వెట్టకపోతే నరుకుత నిన్ను! పొయ్యిల వెడ్త!"

మామూలుగా నోట్లో నాలుక లేని మనిషి. చల్లారిన చాయ్ ఇచ్చినా తాగేస్తాడు. మాఘం వెళ్లేసరికి మాత్రం పూనకం వస్తుంది. హైటెక్ సిటీలోని ఆ ఆఫీసు ఆవరణలో దిరిసెన మొక్కను నాటిందీ, ముళ్లకంప కట్టిందీ, ఎండాకాలం తను తాగే నీళ్లు పోసిందీ ఆయనే. ఏటా ఆకు రాల్చడం దాని గుణం, చిగురు ఎలాగూ వస్తుంది. ఆ మాట సాయిలుతో అనండి చూద్దాం! తండ్రి నేర్పిన పద్ధతి ఆయనది. ఒకరు గొడ్డలెత్తి బెదిరించాలి, ఇంకొకరు అడ్డం పడి పూచీ ఉండాలి, చెంబెడు నీళ్లు పోయాలి. అక్కడే ఊడ్చే భార్య కిష్టమ్మ ఏటా వచ్చి, "ఆగయ్యా, ఈసారికి ఇడిసిపెట్టు, నాది జిమ్మ" అనేది.

ఇవాళ సూపర్‌వైజర్ ఆమెను పై అంతస్తుకు పంపాడు. అడ్డుమాట లేని బెదిరింపు చెట్టుకు తగులుతుందని సాయిలు భయం. గొడ్డలి మొదలుకు ఆనించి ఆమెను పిలవడానికి వెళ్లాడు.

అప్పుడే బాలానగర్ నుంచి రాకేశ్ మిషను రంపంతో వచ్చాడు. గేటు పక్కన నిజంగానే ఎండిపోయిన చెట్టును కొట్టేయమని ఆర్డరు. ఈ కాలంలో రెండూ బోడివే. సాయిలు దెబ్బలూ, కేకా అంతకుముందే గేటు దగ్గర విన్నాడు. "మాలీ మొదలువెట్టిండు, ఇదే" అన్నాడు తన వాళ్లతో, ఆనించి ఉన్న గొడ్డలి చూపించి. పాపం, అతని తప్పేముంది!

రంపం రొద విని సాయిలు మెట్లమీంచి పరుగెత్తాడు. అప్పటికే చెట్టు ఫెళ్లున విరిగి కూలింది. కోసినచోట లోపల తడి మెరుస్తోంది. ఆయన గొడ్డలి అందుకున్నాడు. ఈసారి తిరగేయలేదు. మొదటి వేటుకు రాకేశ్ భుజం చీలి, చొక్కా ఎర్రబడింది. వెల్లకిలా పడ్డాడు.

"సంపినవురా నా చెట్టును!"

"నువ్వే గద తాతా, నరుకుత అన్నవు!"

గొడ్డలి మళ్లీ లేచింది.

"ఆగయ్యా!" వెనక కిష్టమ్మ, చేతిలో నీళ్ల చెంబుతో, రొప్పుతూ. "ఇడిసిపెట్టు. నాది జిమ్మ."

ఏటా ఆగినట్టే సాయిలు చెయ్యి ఆగింది. గార్డులు మీదపడి, నోట నెత్తురు వచ్చేదాకా కొట్టారు. పోలీసు జీపు ఎక్కించేటప్పుడు కూడా ఆయన మొద్దు వైపే చూశాడు. కిష్టమ్మ జీపు వెనకాలే పరుగెత్తింది.

రంపపు పొట్టులో ఆమె దించిన చెంబు నిండుగానే ఉంది.