తువ్వాలు చాటున

పచ్చ బాణం దొంగది. దాని కిందున్న ఎర్ర పెట్టె అంతకంటే గజదొంగ. లోకనాథ్ ఆ రెంటినీ తప్పించుకుని, పేజీని బొటనవేలితో పైకి తోసి, ఎవరి కంటా పడకూడదన్నట్టు బూడిదరంగులో సన్నగా రాసున్న మాటని వెతికి నొక్కాడు. వెంటనే ఇంకో పేజీ ఊడిపడి, మీ ఫోనులో పదమూడు వైరస్‌లున్నాయని లబలబలాడింది. "నీ మొహం," అని దాన్ని మూసేశాడు. అప్పటికి తెర మీద చిన్న గీత కదలడం మొదలైంది. గంగమ్మ పాట దిగుతోంది.

ఇదంతా తువ్వాలు కిందే జరిగింది. లంకరేవులో చేపల షెడ్డు పక్కన నాలుగు రేకుల పందిరి, దాని కింద ఒక బల్ల, బల్ల వెనక లోకనాథ్. ఫోనునీ రెండు చేతుల్నీ తువ్వాలు కిందికి తోసి, తల కూడా సగం లోపలికి దూర్చి, జలుబు చేసి ఆవిరి పట్టుకుంటున్న మనిషిలా కూర్చుంటాడు. జూన్ నెల ఉక్కలో మెడ మీంచి చెమట ధారగా కారుతున్నా తువ్వాలు తియ్యడు. యాభై మూడేళ్ళ మనిషి, బక్కపల్చన, రెండు కనుబొమల మధ్యా ఎప్పుడూ ఒక ముడి. ఆ ముడి నిద్రలో కూడా విడదని భార్య నూకరత్నం అంటుంది.

ఇవాళ్టితో వేట నిషేధం తీరిపోతుంది. రెండు నెలలుగా గోదావరి పాయలో కట్టేసి ఉన్న బోట్లు రేపు తెల్లారగానే సముద్రంలోకి వెళతాయి. వెళ్ళినవాళ్ళు పది పన్నెండు రోజులదాకా తిరిగి రారు. అక్కడ సిగ్నలుండదు. ఆప్‌లో దాచుకున్న వీడియోలు నెట్టు తగలకపోతే రెండు రోజులకే మొరాయిస్తాయి. బ్రౌజరులో దింపి మెమొరీ కార్డులో ఎక్కించినవైతే సముద్రం మధ్యలో కూడా బుద్ధిగా ఆడతాయి. అందుకని ఒక్కో బోటుకీ ఒక్కో కార్డు. అందులో ముందుగా గంగమ్మ పాట ఉండాలి. తెరవగానే అదే కనపడేలా దాని పేరుకి ముందు మూడు సున్నాలు పెడతాడు. ఆ తరవాతే సినిమాలైనా, హాస్యాలైనా, ముసలివాళ్ళడిగే నాటకాల పద్యాలైనా.

ఈ పనిలో లోకనాథ్‌కున్న ఆస్తి ఒక్కటే, ఏ సైటు పని చేస్తుందో తెలియడం. ఆ సైట్లు మూడు నెలలకొకటి చచ్చిపోతుంటాయి. కొత్తది వెతికి, దాని దొంగ బాణాలన్నీ కనిపెట్టి, అడ్రసు నోటికి పట్టిస్తాడు. కాగితం మీద రాయడు. ప్రతి వీడియో దిగాక హిస్టరీ చెరిపేస్తాడు. ఎదుటి సెల్లు కొట్టు గణేష్‌బాబు కుర్రాడి చేత టీ పంపిస్తే, టీ తాగి గ్లాసు పంపిస్తాడే గానీ ఆ కుర్రాడు పందిట్లోంచి కదిలేదాకా ఫోను ముట్టడు.

అనుమానం ఊరికే రాలేదు. కార్డు ఇచ్చినవాళ్ళు ఇచ్చి పోరు. బల్ల ముందు నిలబడతారు. తువ్వాలు కాస్త జారిందా, మాట్లాడుతున్న మాట ఆపి మరీ అక్కడికే చూస్తారు. పదిహేనేళ్ళుగా చూస్తున్నాడు వాళ్ళ చూపుల్ని. అడ్రసు కొట్టెయ్యడానికి కాకపోతే తువ్వాలు కింద వాళ్ళకేం పని?

పదకొండు గంటలకి వినీల వచ్చింది. బోటు నడిపే సరంగు సత్తియ్య కోడలు, కాపురానికొచ్చి ఏడాది కాలేదు. ఒక చేతిలో మామగారి బోటు కార్డు, ఇంకో చేతిలో తన ఫోను.

"బాబాయిగారూ, మావయ్యగారు ఇమ్మన్నారండి. వంటల వీడియోలు రెండు నేనే దింపేసానండి, బోటు మీద వండేవాళ్ళకి పనికొస్తాయని. మిగతావి మీరెక్కించండి."

లోకనాథ్ తువ్వాలు కిందనించి తల బయటికి తీశాడు. "నువ్వు దింపావా? దేంట్లో?"

"బ్రౌజర్లోనేనండి." ఆ పిల్ల ఫోను తిప్పి అతని మొహం ముందు పెట్టింది. నీలం పేజీ, మధ్యలో తెల్ల గడి. పైన, ఒక్క అక్షరం పొల్లుపోకుండా, పొద్దున్న అతను తువ్వాలు కింద కొట్టిన అడ్రసే.

"ఇది నీకెవరు చెప్పారమ్మా?"

"ఒకళ్ళు చెప్పేదేంటండి? మా వీధిలో అందరూ దీంట్లోనే దింపుతారు కదండీ. ఆ పచ్చ బాణం మాత్రం నొక్కకూడదండి బాబాయిగారూ, అది దొంగది." అతనికే జాగ్రత్త చెప్పి, కార్డు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

లోకనాథ్ దిగుతున్న వీడియో దిగిపోయి, తెర నల్లబడిపోయినా అలాగే చూస్తూ కూర్చున్నాడు. అందరికీ తెలుసు. తెలిసీ వస్తున్నారు. తెలిసినవాళ్ళు ఎందుకొస్తారు? సినిమాలు దింపుతున్నాడని సాక్ష్యంతో సహా పోలీసులకి పట్టిద్దామనా? పదిహేనేళ్ళు ఎవరు కాచుకుంటారు అంతకోసం! వెనకాల చేరి నవ్వుకోడానికా? చెరిపిన హిస్టరీనే మళ్ళీ చెరిపే పిచ్చివాణ్ణి చూసి నవ్వుకునే ఉంటారు. అదీ కాకపోతే మిగిలింది ఒక్కటే. ఆ ఒక్కటి తల్చుకోగానే ఎడమ భుజం దగ్గర కలుక్కుమంది. పొద్దున్న తిన్న బజ్జీల మీద అనుమానం వచ్చింది. ఆ బండివాడు నూనె మార్చి వారమై ఉంటుంది.

మిగిలిన ఆ ఒక్కటీ జాలి. పదిహేనేళ్ళ కిందట సత్తియ్య బోటు మీదే వల లాగుతుంటే తాడు మెలిపడి, దాన్ని చుట్టే వించి మర లోకనాథ్ కుడిచేతిని లాక్కుంది. చిటికెనవేలూ ఉంగరంవేలూ అప్పుడే పోయాయి. మధ్యవేలు సగం మిగిలింది. ఆ చేత్తో మళ్ళీ వల పట్టలేకపోయాడు. రేవువాళ్ళు ఇంటికి బియ్యం బస్తా పంపిస్తే గుమ్మంలోంచే వెనక్కి పంపేశాడు. తన చేతిలో విద్య ఉందనీ, తను లేకపోతే బోట్లకి పాటా సినిమా ఉండవనీ ఇన్నాళ్ళూ తలెత్తుకు తిరిగాడు. ఆ బస్తా బియ్యాన్నే ఇన్నేళ్ళుగా గుప్పెడు గుప్పెడుగా తనకి తినిపిస్తున్నారా వీళ్ళు? అదే నిజమైతే రేపట్నించి ఈ బల్ల ఎత్తేయాలి.

మధ్యాహ్నం సత్తియ్య వచ్చాడు. డీజిలు మరకల లుంగీ, గడ్డం నెరిసిన పెద్ద మొహం. వచ్చీ రాగానే చూపు తువ్వాలు మీదికి పోయింది.

"ఎక్కించావా బావా?"

"లేదు. ముందు నాకో మాట చెప్పు. ఈ సైటు మీ ఇంట్లో అందరికీ తెలుసంట కదా. మరి నా దగ్గరకెందుకురా రావడం? నామీద జాలా?"

సత్తియ్య బల్ల చివర కూర్చున్నాడు. తల గోక్కున్నాడు. "నీ సైటెవడిక్కావాలి బావా? మేం చూసేది నీ చెయ్యి."

"చెయ్యేంటి?"

"గంగమ్మ వాటా తీసేసుకున్న చెయ్యది. ఆ చేత్తో ముట్టుకున్నది బోటులో ఉంటే తల్లి మళ్ళీ అడగదని మనోళ్ళ నమ్మకం. నువ్వు ఈ బల్ల వేసిన కాణ్ణించీ అంతే. నువ్వు చూస్తే తువ్వాలు కప్పేసుకుంటావ్. కార్డు ఆ చేత్తో పెట్టావో లేదో తెలియక మేం మెడలు సాగదీసి చస్తన్నాం."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నమ్మే మనిషివేంటి నువ్వు?"

అదీ నిజమే. ఇప్పుడు చెప్పినా నమ్మలేదు. సత్తియ్య లేచి ఐసు బండి దగ్గరికి వెళ్ళాక, జాలి పడ్డామని మొహం మీద చెప్పలేక ఎంత అందంగా అల్లాడో అనుకున్నాడు లోకనాథ్. చిన్నప్పట్నించీ కబుర్లు బాగా చెబుతాడు వాడు. కార్డులన్నీ ఏరుకుని, అందులో సత్తియ్యది విడిగా జేబులో వేసుకుని, ఇంటికి బయల్దేరాడు.

నూకరత్నం పెరట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. రోజూ బుట్ట నెత్తిన పెట్టుకుని రాజోలు వైపు ఊళ్ళన్నీ తిరిగి అమ్ముకొస్తుంది. కంచం ముందు కూర్చున్నాక లోకనాథ్ సత్తియ్య చెప్పిందంతా వెటకారంగా చెప్పుకొచ్చాడు. ఆవిడ నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. పులుసు వడ్డిస్తున్న గరిటె ఆగింది.

"చెప్పేశాడా?" అంది.

"అంటే నీకూ తెలుసా?"

"తెలుసు. మీ ఆయన చేత్తో ముట్టించావా అని అడిగి మరీ కొంటారు బుట్టలోవి."

"నేనెప్పుడు ముట్టాను నీ బుట్ట?"

"రోజూ పొద్దున్నే నెత్తి మీదకెత్తేది ఎవరంట?"

లోకనాథ్ ముద్ద కంచంలోనే వదిలేశాడు. రోజూ చీకటి ఉండగానే ఆవిడ నిద్ర లేపుతుంది, బుట్ట బరువుగా ఉంది ఓ చెయ్యి వెయ్యమని. విసుక్కుంటూనే లేచి ఎత్తుతాడు. "బరువని కదే లేపేది?"

"ఆ బుట్ట నేనొక్కదాన్నే ఎత్తుకోగలను," అంది నూకరత్నం.

సత్తియ్య మాట అబద్ధం అవ్వచ్చు. పదిహేనేళ్ళపాటు, పండగా పబ్బమూ లేకుండా, తెల్లవారుజామున బుట్టతో ఎవరూ అబద్ధం ఆడలేరు. లోకనాథ్‌కి ముందు కోపం వచ్చింది, తరవాత నవ్వొచ్చింది, ఆ నవ్వు మధ్యలోనే ఏడుపు కూడా వచ్చేసింది. నూకరత్నం అతని వైపు చూడకుండా మజ్జిగ పోసింది. ఎడంచేత్తో అన్నం తినేటప్పుడు కూడా ఒళ్ళోకి లాక్కునే ఆ చేతిని ఇవాళ కంచం పక్కన వెలుతురులో పెట్టి కాసేపు చూసుకున్నాడు. పెద్దగా చూడ్డానికేమీ లేదు. మూడు కుట్ల గీతలు, నున్నగా మెరిసే చర్మం.

అన్నం తిన్నాక వసారాలో స్తంభానికి ఆనుకుని కార్డులు ముందేసుకున్నాడు. తువ్వాలు మడిచి పక్కన పెట్టాడు. వీధిలో పోయేవాళ్ళకి ఫోనూ, చెయ్యీ, అడ్రసూ అన్నీ కనపడుతున్నాయి. కనపడనీ అనుకున్నాడు. ఒక్కో కార్డూ కుడిచేత్తోనే పట్టుకుని ఫోనులో పెట్టాడు. మూడు గంటలయ్యేసరికి మిగిలినవన్నీ అయిపోయి సత్తియ్య కార్డొకటే మిగిలింది. గంగమ్మ పాట దించడానికి బొటనవేలితో కాకుండా, సగం తెగిన మధ్యవేలితో నొక్కి చూశాడు. మొదటిసారి పచ్చ బాణం మీద పడింది. తిట్టుకుని, నవ్వుకుని, మళ్ళీ నొక్కాడు.

భుజం నొప్పి చేతిలోకి దిగింది. "ఆ బజ్జీలవాణ్ణి రేపు అడగాలే," అన్నాడు గట్టిగానే. పెరట్లోంచి నూకరత్నం ఏంటని అడిగింది. ఏమీ లేదన్నాడు.

నాలుగింటికి ఆవిడ టీ తెచ్చింది. ఫోనులో అన్నీ దిగిపోయి, కార్డులో ఎక్కిపోయి ఉన్నాయి. లోకనాథ్ తల స్తంభానికి వాలి ఉంది. టీ చల్లారిపోతోందని రెండుసార్లు చెప్పింది. తరవాత వంగి మొహం చూసింది. కనుబొమల మధ్య ముడి లేదు. అది చూశాకే ఆవిడకి అర్థమైంది.

మర్నాడు తెల్లవారింది. రెండు నెలల తరవాత వేట తెరిచిన పొద్దు అది. ముందు వెళ్ళినవాడిదే ముందు చేప. అయినా శవం లేచేదాకా లంకరేవులో ఒక్క బోటూ తాడు విప్పలేదు.

శ్మశానం నించి అందరూ తిరిగొచ్చి, ఆడవాళ్ళు వసారా కడిగాక, నూకరత్నం కార్డులన్నీ ఒక పళ్ళెంలో వేసి లోపలికి పెట్టెయ్యబోయింది. మొగుడి దగ్గర్నించి ఆవిడకీ కొంచెం అనుమానం అంటుకుంది. వాళ్ళు నమ్మింది బతికున్న మనిషి చెయ్యి. చచ్చిన మనిషి ముట్టుకున్నది సముద్రం మీదకి ఎవరు తీసుకెళతారు? ఇక వీటికోసం ఎవరూ రారు. ఇన్నేళ్ళ నమ్మకం ఇవాళ్టితో తేలిపోతుంది అనుకుంది.

గుమ్మంలో సత్తియ్య నిలబడ్డాడు, ఇంకా తడి బట్టల్తోనే. వెనకాల మిగతా బోట్ల సరంగులున్నారు.

"కార్డులిస్తావా చెల్లెమ్మా?"

"పోయినాయన చేతివి అన్నయ్యా. పనికొస్తాయా మీకు?"

సత్తియ్య పళ్ళెంలోంచి తన కార్డు ఏరుకుని, కళ్ళకద్దుకుని, జేబులో పెట్టుకుని బొత్తాం పెట్టుకున్నాడు. వెనకవాళ్ళు కూడా ఒక్కొక్కరే వచ్చి ఎవరిది వాళ్ళు తీసుకున్నారు. పళ్ళెం ఖాళీ అయింది.

వెళ్ళబోతూ సత్తియ్య చంకలోంచి ఏదో తీసి వసారాలో, లోకనాథ్ కూర్చున్న చోట పెట్టాడు. వల నీటిమీద తేలడానికి కట్టే బెండు. బోటు మనిషి ఎవరైనా పోతే, అతను పట్టే వల నించి ఒక బెండు కోసి ఇంటికివ్వడం ఆ రేవు ఆచారం. ఒడ్డున ఉండేవాళ్ళకి ఇవ్వరు. నూకరత్నానికి ఆ సంగతి తెలుసు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని గోడకి చేరగిలబడింది.

కాసేపటికి పాయలో ఇంజన్లు ఒకదాని తరవాత ఒకటి మొదలయ్యాయి. చప్పుడు సముద్రం వైపు సాగి సాగి సన్నబడిపోయింది. కడిగిన వసారాలో తడి ఇంకా ఆరలేదు. స్తంభం పక్కన ఆ పసుపురంగు బెండు, కొత్తగా కోసిన తాడు ముక్క రెండు వైపులా వేలాడుతూ, ఉన్నచోటే ఉంది.