పడమటికి తిరిగిన పావురాలు

స్కార్‌బరోలో లుచియా బేకరీకి ఈస్టర్ వారం వచ్చిందంటే వాసవికి ఊపిరి సలపదు. పొద్దున్నే రెండు బస్సులు మారి రావాలి, ఆప్రాన్ కట్టుకోవాలి, వెన్న, గుడ్డు సొనలు, చక్కెరపాకంలో ఊరిన నారింజ తొక్కలు వేసి పిండి పిసకాలి. పావురం ఆకారపు కాగితం అచ్చుల్లో అది పొంగాక పైన బాదంపప్పులు అద్ది కాలుస్తారు. ఆ రొట్టెని ఇటలీ వాళ్ళు కొలొంబా అంటారు. మనకి పచ్చడి లేని ఉగాది ఎలాగో, వాళ్ళకి అది లేని ఈస్టర్ అలాగే.

ఒవెన్‌లోంచి తీయగానే ఒక్కోదాని అడుగున రెండు ఇనుప పుల్లలు గుచ్చి తలకిందులుగా వేలాడదీయాలి. లేకపోతే వేడి మీద కుంగిపోతుంది. ఆ కొట్లో అయితే ఎగిరిపోతుంది కూడా, పిసికినవాళ్ళ మనసులో ఎవరుంటే వాళ్ళ దగ్గరికి. చల్లారాక ఇక మామూలు రొట్టే. ఓ ఏడాది లుచియా ఫోన్లో కబుర్లలో పడి పుల్లలు మరిచిపోతే పదకొండు వెళ్ళిపోయాయి. ఆర్డరిచ్చినవాళ్ళు పెట్టిన చీవాట్లు ఆవిడకి ఇంకా గుర్తే. అప్పట్నుంచీ కిటికీ మూసే కాలుస్తుంది.

పోయినేడు వాసవిది పెట్టెలు కట్టే పని. పిండి మీద చెయ్యి వేయనిచ్చింది ఈ ఏడే. గురువారం ఆమె పిసికిన ఇరవై నాలుగు పావురాలూ వేలాడుతూనే పడమటి గోడకేసి ముక్కులు తిప్పాయి.

"పడమట నీకెవరున్నారు?" అంది లుచియా.

"ఎవరూ లేరు."

అబద్ధం. విన్నిపెగ్‌లో అమృత ఉంది.

రెండేళ్ళ కిందట ఇద్దరూ ఒకే ఫ్లైట్ దిగారు. ఒకే కాలేజీ, ఒకే బేస్‌మెంట్ రూము. ఒక్క ఫోన్ ప్లాన్ చాల్లే అనుకుని ఇద్దరి రెజ్యూమేల్లోనూ వాసవి నంబరే వేశారు. తెనాలిలో అమృత వాళ్ళ నాన్నది బేకరీ. పిండి పొంగిందో లేదో వేలితో నొక్కి చెప్పే పిల్ల. లుచియా ఫోన్ చేసింది ఆ పిల్ల కోసమే. అప్పుడు అమృత తలస్నానం చేస్తోంది. నెలరోజులు తిరిగినా పని దొరకని వాసవి నోటికి ఆ మాట ఎలా వచ్చిందో వచ్చింది.

"అమృతకి వేరే జాబ్ దొరికింది. నేను రానా?"

బేకరీ నుంచి ఫోన్ వచ్చిందా అని అమృత ఒక్కసారి కూడా అడగలేదు. అది తన అదృష్టం అనుకుంది వాసవి. మూడు నెలలు చూసి అమృత విన్నిపెగ్‌లో పిన్ని కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఒక గోడౌన్‌లో అట్టపెట్టెలు మోస్తోంది. అన్నం తింటున్నా, బస్సులో కూర్చున్నా వాసవికి పిండి నొక్కి చూసే ఆ చేతులే గుర్తొస్తాయి.

ఆ ముక్కులకేసి చూడలేక వాసవి కిటికీ తెరిచింది. ఒకదాని పుల్లలు లాగేసింది. అది తిన్నగా తిరిగి, ఒంటిమీది చక్కెర దులుపుకుని, పార్కింగ్‌లో మిగిలిన మంచు మీదుగా ఎగిరిపోయింది. లుచియా ఆర్డర్ల జాబితాలో ఒక పేరు పక్కన గీత పెట్టుకుంది. అప్పుడు వాసవి అంతా చెప్పేసింది, కళ్ళు తుడుచుకుంటూ.

లుచియా జాబితా పక్కన పెట్టింది. "ఆ పిల్లకి చెప్పావా?"

"లేదు."

"చెప్పు. నాకు ఇంకో మనిషి కావాలి. ఆ పిల్లనే రమ్మను."

జరిగిందంతా, లుచియా రమ్మన్న సంగతితో సహా, వాసవి మెసేజ్ పెట్టింది. ఈస్టర్ నాడు అమృత నుంచి ఒక ఫోటో వచ్చింది. కిటికీ గట్టు మీద పావురం, ఒక రెక్క కొంచెం విరిగింది. వెనకే వాయిస్ మెసేజ్.

"రొట్టె అందింది. పిండి ఇంకో గంట ఆగాల్సింది వాసవీ, నీకెప్పుడూ తొందరే. ఆవిడ ఫోన్ చేసిన రోజు మోత విని నేను కుళాయి కట్టేశాను. నువ్వన్నది విన్నాను. నీ అంతట నువ్వే చెప్తావని మూడు నెలలు చూశా. మే నెలలో వస్తానని ఆవిడకి చెప్పు. పనికి వస్తా. ఆ రూముకి మాత్రం రాను."