సెలవులో ఉండగా

పతకం నాకొచ్చింది. చచ్చినట్టు వెళ్ళి తీసుకున్నాను. పెద్ద హాల్లో కుర్చీలేసి, దేశం ఆపదలో ఉన్నప్పుడు ప్రాణాలకు తెగించి పనిచేసినవాళ్ళంటూ మైకులో పేర్లు చదివారు. నా పేరు రాగానే పక్క కుర్చీలో నర్సమ్మ చేతులు నొప్పి పుట్టేలా చప్పట్లు కొట్టింది. సొమ్మొకడిది సోకొకడిది అంటారు చూడండి, అది నా గురించే పుట్టిన మాట. పెట్టె జేబులో పెట్టుకుని బస్సెక్కాను.

మా పని ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో. గోడ వెంట రెండు వరసల ఆక్సిజన్ సిలిండర్లు, వరసకి పన్నెండు. ఒక వరస అయిపోతుండగానే రెండోది తిప్పాలి, ఖాళీవి విప్పి నిండువి బిగించాలి. మీటరు ముల్లు పడిపోతే గంట మోగుతుంది, ఎంత నిద్రలో ఉన్నా లేచి ఉరకాలి. ఆ పని తెలిసినవాళ్ళం ఇద్దరమే, నేనూ సైరనూ. సైరన్ అని ఆయన నవ్వుని బట్టి పెట్టిన పేరు. షెడ్డులో నవ్వితే మూడో అంతస్తులో రోగులు ఉలిక్కిపడేవాళ్ళు. చుట్టరికం ఏమీ లేకపోయినా బావా అంటే బావా అని పిలుచుకున్నాం. అలా ఆయన భార్య నాకు అక్కయింది, కూతురు మేనకోడలైంది.

దేశమంతా అంటుజబ్బు పాకిన రోజుల్లో మా ఇద్దరికీ వంతులు వేశారు. పదిహేను రోజులు ఒకరు అక్కడే తిని అక్కడే పడుకోవాలి, రెండోవాడు ఇంట్లో సెలవులో ఉండాలి. మొదటి వంతు నాది, రెండోది బావది. మూడోది మళ్ళీ నాది.

ఆ పొద్దున గేటు దాకా వెళ్ళాను. లోపల్నుంచి శవాల వ్యాన్లు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. గేటు ఊచ పట్టుకుని అక్కడే ఆగిపోయాను. సాకులు చెప్పను. మా ఇంట్లో మంచాన పడ్డ ముసలివాళ్ళు లేరు, పసిపిల్లలు లేరు. భయమేసింది, అంతే. బావ బయటికొచ్చి నా మొహం చూశాడు. నాలుగు తిట్టి ఉంటే సిగ్గొచ్చి లోపలికి పోయేవాణ్ణేమో, ఆ మహానుభావుడు తిట్టలేదు.

"పోరా బావా, నాలుగు రోజులు గాలి పీల్చుకుని రా. నీ సంతకం నేను గీకేస్తాలే" అన్నాడు.

మాకది కొత్తేం కాదు, ఒకరి సంతకం ఒకరు పెట్టుకోవడం ఎప్పుడూ ఉన్నదే. పైగా అందరూ నిలువెల్లా సూట్లు తొడుక్కునే రోజులు, లోపల ఎవడున్నాడో ఎవడికి తెలుసు? నాలుగు రోజులు కాస్తా పన్నెండయ్యాయి. పదమూడో రోజు ఫోన్ చేస్తే ఆయన దగ్గు వినిపించింది. పడుతూ లేస్తూ పరిగెత్తాను. ఆయన మంచం మీదికెళ్ళాడు, నేను షెడ్డులోకెళ్ళాను. ఆరు రోజులు ఆయన పీల్చే గాలి నేనే తిప్పాను. ఏడో రోజు పోయాడు.

ఆఫీసువాళ్ళు రిజిస్టరు చూసి, సెలవులో ఉండగా జబ్బుపడి మరణం అని రాశారు. ముప్ఫై రోజులు పనిచేసినవాళ్ళకే పతకం అన్నారు. నావి ముప్ఫై, బావవి పదిహేను. సంతకం సంగతి బయటపడితే ఉద్యోగం ఊడుతుందని మూడేళ్ళు తేలు కుట్టిన దొంగలా ఉన్నాను.

ఆ మూడేళ్ళూ అక్క ఆ కాగితం పట్టుకుని ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. ఆమె అడిగింది ఒక్కటే, సెలవు అన్న మాట కొట్టెయ్యమని. ఇంటి గడప తొక్కని మనిషి సెలవులో ఎలా ఉంటాడయ్యా అని కనిపించిన గుమాస్తానల్లా నిలదీసేది. వాళ్ళు రిజిస్టరు తీసి చూపించి పంపేసేవాళ్ళు.

పతకం వచ్చిన మర్నాడు సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళాను. బీన్స్ తరుగుతోంది. కూర్చోమని మంచినీళ్ళిచ్చి, నీకైనా ఇచ్చారు, సంతోషం అంది. పెట్టె ఆమె ముందు పెట్టి, తల ఎత్తకుండా అంతా చెప్పేశాను. ఆ రోజులు బావవేనని రాసిస్తాను, ఉద్యోగం పోతే పోనీ, పతకం ఆయన పేరు మీదికి మారుస్తారు అన్నాను. చెంప పగలగొడుతుందనుకున్నాను. నిజం చెప్పొద్దూ, అందుకే వెళ్ళాను.

అక్క కత్తిపీట పక్కకి జరిపింది.

"అయితే ఆయనకి సెలవిచ్చారా?"

ఇచ్చారన్నాను.

"ఆ కాగితంలో రాసింది నిజమేనా?"

తలూపాను. అక్క మెల్లగా చెప్పుకొచ్చింది. బావ రోజూ ఫోన్లో సెలవివ్వట్లేదనేవాడట. పిల్ల పుట్టినరోజు సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చింది. రా నాన్నా అని అది ఏడిస్తే, పంపట్లేదమ్మా, మా ఆఫీసరు రాక్షసుడు అన్నాడట. నా పిరికితనం దాచడానికి కట్టుకున్నదానికీ కన్నకూతురికీ అబద్ధం చెప్పాడు మా బావ. ఆ సంగతి అప్పటిదాకా నాకు తెలియదు.

"కట్టిపడేశారు కాబట్టి రాలేదనుకుని బతికాను తమ్ముడూ" అంది. "వాళ్ళని తిట్టుకుంటూ బతికాను. రాగలిగీ రాలేదని ఇవాళ చెప్పావు. ఇంక నేనెవర్ని తిట్టుకోను?"

నన్ను తిట్టక్కా, నన్ను కొట్టు అన్నాను. ఆమె నా వైపు చూడను కూడా చూడలేదు. ఇంతలో మెట్ల మీద మేనకోడలి అడుగుల చప్పుడైంది. బడి నుంచి వస్తోంది. అక్క గబగబా మొహం తుడుచుకుంది.

"ఏమీ రాసివ్వకు. దానికి తెలియకూడదు."

పిల్ల వస్తూనే పెట్టె చూసి, నాన్నదా అని అడిగింది. మామయ్యది అంది అక్క. పిల్ల పతకం తీసి, దాని మీది అక్షరాలు వేలితో తడిమింది. పెట్టుకోలేదేం మామయ్యా అంటూ తనే నా చొక్కాకి గుచ్చడం మొదలుపెట్టింది. పిన్ను సరిగ్గా దిగడానికి నాలుక బయటపెట్టి తంటాలు పడింది. ఆపమనే ధైర్యం కూడా నాకు లేకపోయింది.

"మామయ్యా, అప్పుడు నాన్నకి సెలవిచ్చుంటే బతికేవాడు కదా?"

అక్క నన్నే చూస్తోంది.

"బతికేవాడమ్మా" అన్నాను. "ఇవ్వలేదు."