తెగాల్సిన టాకా

పొడుగాటి బల్లను తడిగుడ్డతో ఈ కొస నుంచి ఆ కొసదాకా తుడుస్తున్నాడు బాజీ. తుడిచిన చోటే మళ్ళీ తుడవడం ఆయనకు అలవాటు. నున్నటి రేకు పరిచిన ఆ బల్ల మీద ఒక్క ఇసుక రేణువు మిగిలినా గొడుగు గుడ్డ గీసుకుపోతుంది. పారాచూట్‌ను ఆయన గొడుగనే అంటాడు. విని విని ఇంజినీర్లకూ ఆ మాటే నోటపడింది.

తుడిచే గుడ్డ అంచున దారప్పోగు ఒకటి వేలాడుతోంది. దాన్ని లోపలికి దోపేద్దామని కుడిచెయ్యి దానంతటదే చొక్కా కాలరు కిందికి వెళ్ళింది. వేళ్ళకు ఉత్త గుడ్డే తగిలింది. కాలరు రెండోవైపు తడిమాడు. జేబు మడత చూశాడు. దబ్బనం లేదు.

కాళ్ళ చుట్టూ నేలంతా చూశాడు.

షెడ్డు సూదులన్నీ గోడకున్న అయస్కాంతపు పలక మీదే ఉండాలి. వాడినవాడు వాడినట్టు అక్కడ అతికించాలి. సాయంత్రం సూపర్‌వైజర్ ధనుంజయరావు పలక చూసుకుని గానీ తాళం వేయడు. బాజీ దబ్బనం ఆ పలక మీదిది కాదు. నరసరావుపేటలో లారీల మీద కప్పే పట్టాలు కుట్టిన రోజుల నుంచీ ఆయన దగ్గరున్నది. షెడ్డు సూదులు మందపాటి పట్టీలో దిగక వంగిపోతుంటే విసిగి, దాన్ని కాలరు చాటున తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. తప్పని తెలుసు, తెలిసే చేశాడు. చేతికి అలవాటైన పనిముట్టు లేకపోతే ఆయనకు పని సాగినట్టే ఉండదు.

నిన్న సాయంత్రం గొడుగు మడిచి, సంచిలో పెట్టి, మూతికి టాకా కుట్టు వేసింది ఆ దబ్బనంతోనే. టాకా వేశాక ముడికి రెండు చేతులూ కావాలి. లారీ మీద నిలబడి పట్టా కుట్టేవాడికి సూది పెట్టుకోవడానికి బల్లా ఉండదు, పలకా ఉండదు. ఎదురుగా ఉన్న పట్టా మడతలోనే గుచ్చి, ముడి వేసుకుని, మళ్ళీ తీసుకుంటాడు. జీవితమంతా బాజీ చేసిందదే. నిన్న కూడా గుచ్చాడా? గుచ్చి తీశాడా? ఎంత తలుచుకున్నా చేతులు ముడి వేయడం కనిపిస్తోంది గానీ దబ్బనం కనిపించడం లేదు.

ఆ సంచి ఇప్పుడు షెడ్డులో లేదు. రన్‌వే ఆ చివర, హెలికాప్టర్ కింద కట్టిన రెక్కల బండి తోకలో ఉంది.

అంతరిక్షానికి వెళ్ళి, విమానంలా తిరిగొచ్చి, నేల మీద దిగి, మళ్ళీ ఎగరాల్సిన బండి అది. పైకి పంపేముందు దానికి దిగడం నేర్పుతున్నారు. హెలికాప్టర్ దాన్ని మేఘాల ఎత్తుకు మోసుకెళ్ళి వదిలేస్తుంది. లోపల మనిషి ఉండడు, ఇంజనూ ఉండదు. తన దారి తానే చూసుకుని, నూజెండ్ల అవతలి బీళ్ళలో వేసిన ఈ రన్‌వే మీద వాలాలి. ఆ దూకుడుకు చక్రాల బ్రేకులు చాలవు. తోకలోంచి గొడుగు విచ్చుకుని వెనక్కి లాగిపట్టాలి. లాగకపోతే రన్‌వే అయిపోయినా బండి ఆగదు.

ఈ పనిలో చేరిన కొత్తలో బాజీ చేసిన నిర్వాకం ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. సంచి మూతి కుట్టమంటే పత్తి లారీకి పట్టా బిగించినట్టు కుట్టేశాడు. నేల మీద లాగి చూస్తే ఏనుగుకైనా తెగేట్టు లేదు. ఇంజినీరు వెన్నెల పొట్ట పట్టుకుని నవ్వి, "బాబాయ్, ఇది తెగాల్సిన కుట్టు. తెగితేనే గొడుగు బయటికొచ్చిద్ది" అంది. తెగకూడని కుట్లు కుట్టి జుట్టు నెరిసిన మనిషికి, సమయానికి తెగే టాకా వేయడం నేర్చుకోవడం అంత తేలిక కాలేదు. సంచి బరువు లాగగానే తెగాలి, అంతకుముందు చచ్చినా తెగకూడదు. నేర్చుకున్నాడు. మెడలో గుర్తింపు కార్డు పడింది.

ఆ కార్డు ఆయన్ను మార్చేసింది. చిలకలూరిపేట మిల్లు గేట్ల దగ్గర మండుటెండలో లారీ మీద కూర్చున్నంత కాలం ఆయన పేరు "ఒరేయ్ పట్టా". ఇప్పుడు టీ బంకు దగ్గర "రాకెట్ బాజీ గారూ, ఇటు కూర్చోండి" అంటున్నారు. పెళ్ళిళ్ళలో పెద్దల వరసలో కుర్చీ వేస్తున్నారు. భార్య అబిదా రోజూ చొక్కా ఇస్త్రీ చేసి, కార్డు తనే మెడలో వేసి పంపుతుంది. ఆయనకు ఇదంతా చానా ఇష్టం. దాచుకోవడం కూడా చేతకాదు.

"ఏం వెతుకుతున్నావన్నా?" అంటూ వచ్చింది పీరాంబీ. మాచవరం మనిషి. గొడుగులు మడవడంలో ఆయనకు తోడు. అవసరానికని ఉంచే రెండో గొడుగు మడిచింది ఆమే.

"ఏం లేదు."

బల్ల కిందికి వంగినవాడు లేవకుండానే మళ్ళీ అన్నాడు. "దబ్బనం."

పీరాంబీకి అర్థమైంది. వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది.

"ఇంట్లో పడిపోయిందేమోలే. బస్సులో పడిపోయుండొచ్చు. నీకు గెట్టిగా తెలవదుగా?"

"తెలవదు."

"మరి ఊరుకో అన్నా. ఎవురికి తెలిసిద్ది? చెప్పావంటే నిన్ను ఉండనీరు."

అబిదాకు ఫోను చేసి అడుగుదామంటే ఫోన్లు గేటు దగ్గరే వదిలి రావాలి. బాజీ తుడిచే గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. దబ్బనం ఇంట్లో గూట్లో ఉండి ఉంటుంది. ఉంటుందిలే. లేకపోతే? బయట హెలికాప్టర్ రెక్కలు గిర్రున తిరగడం మొదలైంది. షెడ్డు రేకులు గలగలా వణికాయి. ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది.

తలుపు తోసుకుని పరుగెత్తాడు. వయసు యాభై దాటాక ఆయన పరుగెత్తడం అదే మొదలు. రన్‌వే అంచున రేడియో పట్టుకుని నిలబడిన వెన్నెల ఆయన్ను చూసి విసుక్కుంది.

"ఏంది బాబాయ్, ఇటు రాకూడదు."

"గొడుగులో నా దబ్బనం ఉన్నట్టుందమ్మా."

"ఉన్నట్టుందా? ఉందా?"

"తెలవదమ్మా. నా కాలర్లో మాత్రం లేదు."

వెన్నెల ఆయన్నూ, దుమ్ము రేపుతున్న హెలికాప్టర్‌నూ మార్చి మార్చి చూసింది. ఇంకాసేపటికి గాలి లేస్తే ఈ రోజుకిక పరీక్ష లేనట్టే. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పెద్దలంతా కంట్రోలు గదిలో తెరల ముందు కూర్చుని ఉన్నారు. ఆమె రేడియో నోటి దగ్గర పెట్టుకుని, "ఆపండి" అంది.

తోకలోంచి సంచి తీసి షెడ్డుకు తెచ్చారు. దాని బదులు పీరాంబీ మడిచిన రెండో సంచి బిగించడానికి మనుషులు పరుగెత్తారు. బల్ల మీద సంచి విప్పుతుంటే బాజీ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. దగ్గరికి రమ్మని ఎవరూ అనలేదు.

"ఎంత చెప్పినా బుర్రకెక్కదేందయ్యా నీకు?" ధనుంజయరావు అరుస్తున్నాడు. "లారీ అనుకున్నావా ఇది? నా నోట మట్టి కొడతావా?"

బాజీకి ఆ తిట్లు వినిపించడమే లేదు. దబ్బనం లేకపోతే ఉత్తపుణ్యానికి ఇంతమందిని ఆపిన పిచ్చివాడవుతాడు. ఉంటే దొంగవుతాడు. ఏది కావాలని దేవుణ్ణి అడగాలో తోచలేదు. ఒక్కో మడతా విప్పుతున్న వెన్నెల వేళ్ళు సంచి మూతి దగ్గరి మడతలో ఆగిపోయాయి.

దబ్బనం అక్కడే ఉంది. హెలికాప్టర్ అదురుకే కాబోలు, మొన దిగినచోట గుడ్డ చిన్నగా చీలింది.

ధనుంజయరావు వంగి ఆ చీలికను చూశాడు.

"మీరు చెప్పకపోతే..." అని ఆగిపోయింది వెన్నెల. తర్వాత తలదించుకుని, "కానీ బాబాయ్..." అంది.

"తెలుసమ్మా."

ఆమె చేత ఆ మాట అనిపించడం ఇష్టంలేక బాజీ తనే కార్డు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. అప్పటికే తుడిచి ఉన్న బల్ల మీద దాని తాడు సరిగ్గా చుట్టి మరీ పెట్టాడు. పీరాంబీ ముక్కు చీదుకుంటూ మొహం పక్కకు తిప్పుకుంది.

గేటు దాటి, కంచె పక్కనున్న మిరప కల్లం దగ్గరికి వచ్చేసరికి హెలికాప్టర్ పైకి లేచింది. బాజీ వెంటనే బస్సుకు వెళ్ళలేదు. తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు కూడా పని ఆపి ఆకాశం వైపు చూస్తున్నారు. హెలికాప్టర్ చుక్కంతయింది. ఆ చుక్కలోంచి ఇంకో చుక్క విడిపోయింది.

అది మలుపు తిరిగి, చూస్తుండగానే పెద్దదై, చప్పుడు లేకుండా దూసుకొచ్చింది. ఇంత వేగం ఆయన ఎప్పుడూ ఇంత దగ్గర్నుంచి చూడలేదు. వెనక చక్రాలు నేల తాకగానే పొగ లేచింది. గొడుగు రాలేదు. బండి కంచె వెంబడి కల్లం దాటి ఉరికిపోతోంది. ఇంకా రాలేదు.

"తెగు," అన్నాడు బాజీ. కంచె తీగ గట్టిగా పట్టుకున్నాడు. "తెగవే తల్లీ, తెగు."

ఏళ్ళ తరబడి ప్రతి కుట్టునూ తెగొద్దని వేడుకున్న నోరు అది.

తోక వెనక తెల్లటి ముద్ద ఒకటి ఎగిరింది, చటుక్కున విచ్చుకుంది. ఎవరో జుట్టు పట్టి లాగినట్టు బండి వేగం తగ్గింది. తగ్గి, తగ్గి, రన్‌వే ఇంకా మిగిలుండగానే నిలబడిపోయింది. కంచె లోపల కేకలు, చప్పట్లు. బాజీకి ఏడుపొచ్చింది. సంతోషమే, కానీ అందులో సగం కడుపుమంట. తను మడిచిన గొడుగైతే ఇంకా ముందే విచ్చుకునేదని కూడా అనిపించింది, అందుకు సిగ్గూ వేసింది.

"నువ్వు రాకెట్టు పని చేసే సాయిబువేగా?" అంది కల్లంలోని ముసలామె పుల్లమ్మ. "ఆ గొడుగు నువ్వు కుట్టిందేనా?"

బాజీ కళ్ళు తుడుచుకున్నాడు.

"కాదమ్మా. మా చెల్లెలు కుట్టింది."

బస్సు నూజెండ్ల దాటాక అరికాళ్ళు మండుతున్నాయని తెలిసి కిందికి చూసుకున్నాడు. కాళ్ళకు షెడ్డు లోపల వేసుకునే పల్చటి గుడ్డ బూట్లున్నాయి, మన్నుకొట్టుకుపోయి. ఆ కంగారులో వాటితోనే పరుగెత్తాడు, వాటితోనే గేటు దాటాడు. వెనక్కి వెళ్దామని సీట్లోంచి సగం లేచాడు. కార్డు లేనివాణ్ణి గేటు లోపలికి రానివ్వరు. మళ్ళీ కూర్చున్నాడు.

అక్కడ షెడ్డు గుమ్మం పక్కన, ఇంజినీర్ల నల్ల బూట్ల వరసలో, బొటనవేలి తోలుకు గొడుగు దారంతో గట్టి కుట్టు పడిన, పొద్దున బాజీ విడిచిన పాత చెప్పుల జత ఇంకా గోడవైపు తిరిగి ఉంది.