మేనకోడలు చేసిన బల్ల

అతను వడ్రంగి. తలుపులూ కిటికీలూ చేసే కార్ఖానాలో పని. పొద్దున వెళ్తే చీకటిపడే వేళకి జుట్టు నిండా రంపపు పొట్టుతో ఇంటికొస్తాడు. ఊళ్ళో సగం ఇళ్ళకి తలుపులు అతని చేతి మీదుగా వెళ్ళినవే. కానీ మూడో అంతస్తులో ఉన్న తన ఇంటి బాల్కనీలో మాత్రం కూర్చోడానికి ఒక బోర్లించిన బకెట్టు తప్ప ఏమీ లేదు.

"బావా, ఇక్కడో చిన్న బల్ల వెయ్యి. అత్త సాయంత్రాలు కాస్త గాలికి కూర్చుంటుంది" అని భార్య ఆ ఇంటికి వచ్చిన కొత్తలోనే అడిగింది. ఆమె అతని మేనమామ కూతురు. మందుల షాపులో పనిచేస్తుంది.

"వచ్చే ఆదివారం చూద్దాంలే" అన్నాడు.

ఆ వచ్చే ఆదివారం ఏళ్ళు గడిచినా రాలేదు. రోజంతా చెక్కతో కుస్తీపట్టినవాడికి ఇంటికొచ్చాక దాని మొహం చూడబుద్ధి కాదు మరి. చివరికి ఒకరోజు ఆమె విసిగిపోయి, "పోనీ నీ రంపం ఇవ్వు, నేనే చేసుకుంటాను" అంది.

అతను పగలబడి నవ్వాడు. "రంపం అంటే కూరగాయలు తరిగే కత్తి అనుకున్నావా?" అన్నాడు. అంతటితో ఊరుకోక మర్నాడు కార్ఖానాలో కూడా చెప్పి నవ్వించాడు. ఆమె మాత్రం నవ్వలేదు. రంపం ఊసు మళ్ళీ ఎత్తలేదు.

మందుల షాపుకి సరుకు పెట్టెలు చెక్క పలకల చట్రాల మీద వస్తాయి. పెట్టెలు దించేశాక ఆ చట్రాల్ని పెరట్లో పడేస్తారు. యజమానిని అడిగి వాటిలో మంచివి రెండు తెచ్చుకుంది. మధ్యాహ్నం అన్నం తినే వేళ ఫోనులో వీడియోలు చూసింది. సొంతానికి ఒక రంపం కొనుక్కుంది. అతను పాతబడిందని అటక మీద పడేసిన డ్రిల్లు దించి దుమ్ము దులిపింది. అర్జెంటు ఆర్డరుందని అతను కార్ఖానాకి వెళ్ళిన ఒక ఆదివారం చూసుకుని పని మొదలుపెట్టింది.

సాయంత్రం అతను ఇంటికొచ్చేసరికి బాల్కనీలో బల్ల ఉంది. గోడ పొడవునా, సన్నగా, మోకాలికి కాస్త పై ఎత్తున. వాన నీళ్ళు నిలవకుండా పలకల మధ్య వేలెడు సందు వదిలింది. గరుకు కాగితంతో రుద్ది నూనె పట్టించింది. ఒక కొసన టీ గ్లాసు పెట్టుకోడానికి చిన్న పలక కూడా. నిలబడడానికే ఇరుకనిపించే బాల్కనీ ఆ బల్లతో వెడల్పయినట్టు కనిపించింది. అతని తల్లి కాళ్ళు వేలాడేసుకుని దాని మీద దర్జాగా కూర్చుని ఉంది.

"చూశావా, నా మేనకోడలు చేసింది" అంది ఆవిడ.

ఆ మాట అతనికి సూదిలా గుచ్చుకుంది. సంతోషించాలని తెలుసు. తన పెళ్ళామే కదా, తన ఇల్లే కదా. అయినా మొహం నవ్వనని మొరాయించింది. వంగి బల్లని అటూ ఇటూ తడిమాడు, దొంగసొత్తు వెతికే పోలీసులా.

"ఇక్కడ నున్నగా రాలేదు" అన్నాడు.

"అలాగా" అని ఆమె గరుకు కాగితం తెచ్చి అక్కడ మళ్ళీ రుద్దింది.

"ఈ స్క్రూ తల పైకి తేలింది."

ఆమె దాన్ని లోపలికి బిగించింది. అతను చెప్పిన ప్రతిదానికీ ఇంతే. వాదించి ఉంటే బాగుండేది, అతని కడుపుమంటకి కాస్త దారి దొరికేది.

ఆ రోజు నుంచి ఇంట్లో బల్ల పురాణమే. తల్లి టిఫిను అక్కడే, పేపరు అక్కడే, కునుకు కూడా అక్కడే. పక్కింటివాళ్ళు వచ్చారు, చూశారు, కూర్చున్నారు, లేవలేదు. కార్ఖానాలో మేస్త్రీకి ఎవరు మోశారో గానీ, "ఏమోయ్, మీ ఆవిడ మనకంటే నయమంటగా. రేపట్నుంచి తననే పంపు" అన్నాడు. అందరితో పాటు అతనూ నవ్వాడు. నవ్వుతూనే చిత్రిక పడుతున్న చెక్కని పట్టాల్సినదానికంటే రెండు పొరలు ఎక్కువ పట్టేసి పాడుచేశాడు.

"ఇరవై ఏళ్ళ నుంచి చెక్క కోస్తున్నావు. నాకంటూ ఒక ముక్క చేసిచ్చావా?" అని తల్లి ఒకరోజు మామూలుగానే అడిగింది.

"నువ్వెప్పుడు అడిగావు?"

"అది మాత్రం అడిగాకే చేసిందా?"

చిన్నప్పుడూ ఇంతే. సెలవులకి మామయ్య కూతురు వచ్చిందంటే అమ్మ పక్కన చోటు తనది కాకుండా పోయేది. ఇప్పుడు పెళ్ళి చేసుకుని తెచ్చుకున్నా అదే వరస.

తర్వాత వారం రోజులు ముసురు పట్టింది. వాన కాస్త తెరిపిచ్చిన సాయంత్రం తల్లి బల్ల మీద కూర్చుని కళ్ళజోడు జారవిడిచింది. అతను దాని కోసం బల్ల కింద దూరాడు. అప్పుడు కనిపించింది అసలు సంగతి.

బల్ల చట్రం కాళ్ళ మీద కూర్చుని లేదు. కాళ్ళని చట్రానికి పక్కనుంచి ఆనించి స్క్రూలు బిగించింది. అంటే మనిషి బరువంతా మోస్తున్నవి కాళ్ళు కావు, నాలుగు మూలల్లో ఉన్న ఆ కాసిని స్క్రూలు. అవి కూడా చెక్క కోసిన కొసలోంచి నార వెంబడే దిగాయి, అక్కడ పట్టు ఉండదు. వానకి చెక్క ఉబ్బి, ఎండకి కుంచించుకుని, రంధ్రాలు అప్పుడే లూజవడం మొదలైంది. పనిలో చేరిన మొదటి నెలలోనే ఎవరికైనా నేర్పే విషయం అది.

అతని ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకి దొరికింది. చిన్నా చితకా కాదు, బల్ల మొత్తాన్నీ తీసిపారేసే తప్పు. ఆ సంబరంలో తల ఎత్తబోయి ఆగాడు. ఎదురుగా, మొహానికి జానెడు దూరంలో, తల్లి పాదాలు వేలాడుతున్నాయి.

కళ్ళజోడు తీసి ఇచ్చాడు.

మర్నాడు పొద్దున్నే ఆడవాళ్ళిద్దరూ లేవకముందే, రాత్రే కార్ఖానాకి వెళ్ళి తెచ్చిన నాలుగు చెక్క దిమ్మల్ని చట్రం కింద, కాళ్ళ లోపలివైపు ఆనించి గట్టిగా బిగించాడు. ఇక ఏనుగెక్కినా ఆ బల్లకి ఢోకా లేదు. కానీ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు. ఆమె "అలాగా" అంటుంది, సరిచేసుకుంటుంది, చెప్పగానే ఎంత బాగా నేర్చుకుందో అని మళ్ళీ ఆమెనే మెచ్చుకుంటారు. ఆ ఒక్క తప్పూ తన దగ్గరే దాచుకోవాలనిపించింది. ఎప్పుడైనా బల్ల పొగడ్తలు మితిమీరినప్పుడు లోపల్లోపల దాన్ని తలుచుకునేవాడు. కాస్త చల్లగా ఉండేది.

పై అంతస్తులో రిటైరైన టీచరమ్మా, ఆవిడ భర్తా ఉంటారు. ఆయన భారీ మనిషి, మెట్లెక్కేటప్పుడు ప్రతి మలుపులోనూ ఆగి ఊపిరి పీల్చుకుంటాడు. ఆ టీచరమ్మ ఒకరోజు దిగొచ్చి, బల్ల చూసి మురిసిపోయి, "మాకూ ఒకటి చేసిపెట్టమ్మా. ఈయన బాల్కనీలో నిలబడలేక లోపలే ఉండిపోతున్నారు" అంది. ఆమె సరేనంది.

పక్క గదిలో చొక్కా గుండీలు పెట్టుకుంటున్న అతనికి ఆ మాట వినిపించింది. అప్పుడే బయటికొచ్చి చెప్పాల్సింది. గుండీలు పెట్టుకోవడం పూర్తిచేసి పనికి వెళ్ళిపోయాడు.

వరసగా ఆదివారాలు ఆమె చెక్క భుజాన వేసుకుని మెట్లెక్కుతూ దిగుతూ ఉంటే, చెప్పాలని రోజూ అనుకున్నాడు. ఒకరోజు భోజనాల దగ్గర ఎలాగో నోరు విప్పాడు. "పైన చేసేదానికి కాళ్ళు ఎలా బిగిస్తున్నావు?"

ఆమె తలెత్తి చూసింది. "బావా, నా బల్లలో నీకు నచ్చింది ఒక్కటి చెప్పు. ఆ తర్వాత నువ్వు ఏ వంక పెట్టినా వింటాను."

చెప్పడానికి ఎన్నో ఉన్నాయి. పలకల వరస బాగుంది. ఆ గ్లాసు పలక ఆలోచన తనకి జన్మలో రాదు. నాలుక చివరిదాకా వచ్చింది. "పప్పు ఇలా తోయి" అన్నాడు.

పని పూర్తయిన సాయంత్రం టీచరమ్మ అందర్నీ టీకి పిలిచింది. తల్లి కొత్త చీర కట్టుకుని మరీ ఎక్కింది. కొత్త బల్ల కిందదానికంటే అందంగా ఉంది, ఈసారి వీపు ఆనించుకునే పలకలు కూడా పెట్టింది. కానీ ఆ బాల్కనీకి పైన కప్పు లేదు. చేస్తున్న ఇన్ని వారాలూ వానంతా దాని మీదే పడింది. అతను గడపలోంచే కాళ్ళ వైపు చూశాడు. అదే బిగింపు. కింద దిమ్మలు లేవు.

"నేనే మొదట కూర్చుంటాను" అని టీచరమ్మ భర్త టీ కప్పుతో కదిలాడు.

"మీరు కూర్చోకండి" అన్నాడు అతను.

అందరూ అతని వైపు తిరిగారు. "ఏం, ఎందుకూ?" అంది టీచరమ్మ.

"అది ఆగదు. కాళ్ళు పట్టుకోవు."

తల్లి నవ్వేసింది. "పట్టించుకోకండి. వీడికి తను కోసిందే చెక్క, మిగతావాళ్ళది పుల్ల." టీచరమ్మ కూడా నవ్వు దాచుకుంది. "పోనీలేవయ్యా, ఆవిడ చేస్తే నీ చేయి చిన్నదవుతుందా?" అన్నాడు ఆ పెద్దమనిషి, బల్ల వైపు మరో అడుగు వేస్తూ. భార్య మాత్రం నవ్వలేదు. సిగ్గుతో ఆమె చెవులు ఎర్రబడ్డాయి. నలుగురిలో ఇలా చేస్తాడనుకోలేదు.

ఇన్నాళ్ళూ తనే సంపాదించుకున్న పేరు అది. ఇప్పుడు నిజం చెబుతున్నా అది కుళ్ళులాగే వినిపిస్తోంది. చెప్పి లాభం లేదని అర్థమైంది. గబగబా నాలుగడుగులు వేసి ఆయనకంటే ముందు వెళ్ళి బల్ల మీద కూర్చున్నాడు. బల్ల కిర్రుమంది. బరువంతా కుడివైపు వేసి, ఆ వెంటనే ఎడమవైపు ఊగాడు, బరువైన మనిషి కూర్చుని సర్దుకున్నట్టే. స్క్రూలు వరసగా ఊడొచ్చాయి. కాలు పక్కకి మడత పడింది. అతను పలకలతో సహా నేల మీద చతికిలబడ్డాడు. మోచెయ్యి బాల్కనీ కమ్మీకి తగిలి చర్మం లేచిపోయింది.

పెద్దాయన తన చేతిలోని కప్పునీ, నేల మీది పలకల్నీ మార్చి మార్చి చూశాడు. తల్లి వచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది. భార్య అతని దగ్గరికి రాలేదు. విరిగిన మూల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, స్క్రూ ఊడిన రంధ్రంలో వేలు పెట్టి చూసింది. లోపల చెక్క పిండిలా రాలింది.

"మన ఇంట్లోదీ ఇలాగే కదా బిగించాను" అంది మెల్లగా. "అది ఎందుకు పడలేదు?"

అతను నేల చూపులు చూశాడు. ఆమె లేచి, ఎవరికీ ఏమీ చెప్పకుండా మెట్లు దిగింది. అతను వెనకే వెళ్ళేసరికి బాల్కనీలో బల్ల కింద తల పెట్టి ఉంది. దిమ్మలు దొరికాయి. నాలుగింటికీ అంచులు ఏటవాలుగా చెక్కి, నున్నగా తీర్చి ఉన్నాయి. ఎవరికీ కనపడని చోట కూడా అంత తీరుగా చేసేది ఆ ఇంట్లో ఒక్కడే.

"ఎప్పుడు పెట్టావు?"

"ముసురప్పుడు."

"అంటే నేను పైవాళ్ళది మొదలుపెట్టకముందే."

"ఆఁ."

"అత్త పడకూడదని పెట్టావు. మరి ఆయన పడితే?" ఆమె గొంతు పెంచలేదు. "ఆ వయసులో, ఆ ఒళ్ళుతో? నా చేత్తో నేను ఆయన్ని పడేసినట్టయ్యేది బావా. నువ్వు చూస్తూ ఊరుకునేవాడివి."

"ఊరుకోలేదుగా" అన్నాడు. ఆ మాట తనకే నీరసంగా వినిపించింది. "చెబితే నువ్వు దాన్ని కూడా సరిచేసేస్తావు. ఇక నా దగ్గర ఏమీ మిగలదనిపించింది."

ఆమె లోపలికి వెళ్ళింది. దూది తెచ్చి చేతికిచ్చింది గానీ గాయం తను తుడవలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఇంట్లో అన్నానికి రమ్మనడం, తాళం ఎక్కడుందని అడగడం తప్ప మాటల్లేవు. తల్లికి సంగతంతా తెలిసింది. ఆవిడ తిట్టలేదు. బల్ల మీద కూర్చున్నప్పుడల్లా వంగి ఒక దిమ్మని చేత్తో తడిమేది. దానికి అర్థం ఏమిటో అతనికి తెలియలేదు, అడిగే ధైర్యమూ లేకపోయింది.

పైవాళ్ళ బల్ల తను చేసిపెడతానన్నాడు. "వద్దు" అంది ఆమె. "నువ్వు చెప్పు. నేను చేస్తాను."

అలా ఒక ఆదివారం పొద్దున అతను పై బాల్కనీలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బల్ల కాలికి గాడి కొట్టి చట్రాన్ని అందులో కూర్చోబెట్టడం ఎలాగో చెప్పాడు. ఆమె ఉలి వంకరగా పట్టింది. అతని వేళ్ళకి జిల పుట్టింది. లాక్కుని చేస్తే రెండు నిమిషాల పని. నోటితోనే చెప్పాడు, "కొంచెం వాల్చు. ఇంకా. తొందరపడకు." మొదటి గాడి పాడైంది. రెండోది పరవాలేదు. మూడోది అతను చిన్నప్పుడు మొదటిసారి కొట్టినదానికంటే బాగా వచ్చింది. అతనికి వెంటనే తెలిసింది. మళ్ళీ అదే చురుకు.

టీచరమ్మ గడపలోంచి చూసి, "నీ చేతిలో ఏదో ఉందమ్మా" అంది. అతను భార్య మొహంలోకి చూశాడు, మా బావ నేర్పించాడని అంటుందేమోనని. ఆమె అనలేదు. చిన్నగా నవ్వి మళ్ళీ ఉలి అందుకుంది. టీచరమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

"గాడి బాగా కొట్టావు" అన్నాడు. కాస్త ఆగి, "నాకు ఇంకా కుళ్ళుగానే ఉంది" అన్నాడు.

"తెలుసు, మొహంలో కనిపిస్తోంది" అంది ఆమె. చాలా రోజుల తర్వాత ఆ గొంతులో కాస్త వెచ్చదనం వినిపించింది. "అక్కడ నిలబడి కుళ్ళుకునే బదులు ఇలా వచ్చి ఈ చట్రం పట్టుకో. కదలకూడదు."

అతను వెళ్ళి పట్టుకున్నాడు.