గోరు పట్టని పంపు

మా బావకు పడవల గురించి తెలిసింది ఒక్కటే, అవి మునుగుతాయని. అలాంటి మనిషి సరస్సు మీద జనాన్ని షికార్లు తిప్పుతానని, అందుకు పాత జెట్ బోటు ఒకటి చూసి పెట్టానని అన్నప్పుడు నేను నవ్వి ఊరుకున్నాను. దానికోసం అక్క కుట్టుషాపు అమ్మిస్తున్నాడని తెలిశాక నవ్వు రాలేదు. అక్క పద్దెనిమిదేళ్లు నడుం వంచి నిలబెట్టిన షాపు అది. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు గానీ, మా బావకు అత్తదాకా వెళ్లే ఓపిక కూడా లేదు.

"నువ్వొచ్చి చూసి రేటు చెప్పవే. నువ్వు సరే అంటే ఇవాళే షాపు కాగితాల మీద సంతకం పెట్టేస్తా," అంది అక్క. పడవలు బాగుచేయడం నా వృత్తి. నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఆయన పోయాక షెడ్డు నేనే నడుపుతున్నాను.

అమ్మేవాడు తెల్లబూట్లు వేసుకొచ్చాడు. పడవ చూపించడానికి తెల్లబూట్లతో వచ్చినవాడిని నేను ఈ జన్మలో నమ్మను. వచ్చిన దగ్గర్నుంచి బావతోనే మాట్లాడుతున్నాడు. అక్కా నేనూ గోడకు ఆనించిన నిచ్చెనల్లా నిలబడ్డాం.

"ఒకే చేతి మీద నడిచింది సార్. మీటరు చూడండి, ఇంజను తిరిగింది ఎనభై గంటలే. తొమ్మిది లక్షలు పలుకుతుంది. మీరు కాబట్టి ఎనిమిది."

మీరు కాబట్టట! బావ మొహం చూసి అరగంట కాలేదు. ఆ మాటకే మావాడు ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. ట్రైలరు మీదున్న పడవ చుట్టూ తిరిగి, పుచ్చకాయను కొట్టి చూసినట్టు పక్కలు కొట్టి చూశాడు. తర్వాత వెనక్కి వంగి, "ఫ్యాను ఊడిపోయినట్టుందే?" అన్నాడు.

జెట్ బోటుకు బయట ఫ్యాను ఉండదు మహానుభావా! అడుగునుంచి నీళ్లు పీల్చి వెనకనుంచి చిమ్మే పంపు ఉంటుంది. రెక్కలు ఆ పంపు లోపల తిరుగుతాయి. ఇది తెలియని మనిషి రేపు ఇరవైమందిని ఎక్కించుకుని నీళ్ల మధ్యకు పోతాడు.

నేను స్టీరింగు పట్టుకుని చూశాను. తోలు అరిగి నున్నగా మెరుస్తోంది.

"ఎనభై గంటలకే ఇలా అరిగిందంటే, తమరు చేతులకు ఉప్పుకాగితం చుట్టుకుని నడిపారా?" అన్నాను.

తెల్లబూట్లాయన నావైపు చూడలేదు. "అమ్మాయికి మెషిన్ల గురించి కొంచెం తెలుసనుకుంటా," అన్నాడు బావతో.

"మా మరదలండీ. చెయ్యి మంచిదే, నోరే కొంచెం ఎక్కువ," అన్నాడు బావ. ఇద్దరూ నవ్వుకున్నారు. ఛీ, వీళ్లకు నేను రేటు కట్టి పెట్టాలి!

వాడిన పంపుకు నాన్న ఒక లెక్క చెప్పేవాడు. రెక్క అంచుకూ దాని చుట్టూ ఉండే కడియానికీ మధ్య సందు చూడాలి. ఇసుక, రాళ్లు లోపలికి పోయేకొద్దీ కడియం అరిగి ఆ సందు పెరుగుతుంది. "గోరు పట్టకపోతే అడిగినంత ఇవ్వు. గోరు పడితే సగం. వేలు పడితే దండం పెట్టి వచ్చెయ్." చిన్నప్పటినుంచీ అక్కకూ ఈ మాట కంఠతా వచ్చు. ఏళ్ల తరబడి విని విని బావకూ వచ్చు.

టార్చి పట్టుకుని పడవ కిందికి దూరాను. వేలు పడుతుందని నాకు ముందే రూఢి. పైన పటారం, లోన లొటారం అని బయటికొచ్చి ఆ తెల్లబూట్ల మొహం మీదే అనాలని మాట కూడా సిద్ధం చేసుకున్నాను.

చెయ్యి లోపలికి పెట్టి చూస్తే గోరు పట్టలేదు. చుట్టూ తిప్పి చూశాను, ఎక్కడా పట్టలేదు.

గుడ్డతో మురికి తుడిచాను. పంపు బోల్టుల తలల మీద సన్నటి మెరూన్ గీతలు కనిపించాయి.

బోల్టు బిగించాక దాని మీదనుంచి పంపు మీదికి ఒక గీత గీయడం నా అలవాటు. బోల్టు కదిలితే గీత విరుగుతుంది, చూడగానే తెలుస్తుంది. అందరూ పెయింటుతో గీస్తారు. నేను గోళ్లరంగుతో గీస్తాను. ఆ మెరూన్ సీసా అక్కది. తనకు నప్పలేదని నాకిచ్చింది.

ఇవి నేను గీసిన గీతలే. కిందటేడు వానల్లో ఒక బ్రోకరు ఈ పంపు ఒక్కటే విప్పి తెచ్చాడు. సందులో వేలు పట్టింది. "ఒక్క సీజను తిరిగితే చాలు," అన్నాడు. ఆ మాటకు అర్థం ఏమిటో ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. అమ్మేదాకా తిరిగితే చాలని. నేను కడియం నిండా మెటల్ పుట్టీ మెత్తి, నున్నగా రుద్ది, వెండిరంగు వేసిచ్చాను. గోరు పెట్టి చూసుకుని మురిసిపోయాను కూడా. ఆ పుట్టీ ఏదో ఒకరోజు పెళుసుబారి, పడవ జోరుమీద ఉండగా ఊడి రెక్కలకు అడ్డం పడుతుంది. గురివింద గింజకు తన కింద నలుపు తెలియదంటారు. నాకు తెలిసే ఉంది, అది ఇంకా సిగ్గు.

బయటికొచ్చి బూట్లవైపు చూడకుండా, "మీటరు అబద్ధం. ఈ బోటు వద్దు," అన్నాను.

"పాత మీటరు పాడైతే కొత్తది వేయించాను సార్, బిల్లుంది," అని తెల్లబూట్లాయన కాగితం తీసి బావకిచ్చాడు. "పంపు సంగతి చెప్పమనండి."

"ఔను, అది చెప్పు. గోరు పట్టిందా?" అన్నాడు బావ.

"పట్టలేదు."

"విన్నావా! మీ నాన్న లెక్క ప్రకారమే అడిగినంత ఇవ్వాలి!" అక్కవైపు తిరిగి చిటికె వేశాడు.

అక్క సంచిలోంచి షాపు కాగితాలు తీసి పడవ అంచు మీద పరిచింది. పెన్ను మూత తీసి నావైపు చూసింది. "ఏమే, సరేనా?"

"పట్టదక్కా. పట్టకుండా చేసింది నేనే."

పుట్టీ సంగతి, బ్రోకరు సంగతి అంతా చెప్పాను. "ఇంజను ఒక్కదానికే రేటు. లక్షన్నర. మిగతాదంతా తుక్కు," అన్నాను.

అప్పుడు తెల్లబూట్లాయన మొదటిసారి నాతో మాట్లాడాడు.

"మీ చేతి పనా? చాలా బాగా చేశారండీ," అన్నాడు.

ఇందాకట్నుంచి నేను ఆయన మీద విసిరిందంతా ఆ ఒక్క మాటతో తిరిగొచ్చి నా మొహాన పడింది. అక్క వంగి, టార్చి వేసుకుని, ఆ మెరూన్ గీతలను చాలాసేపు చూసింది.

"దీనికి ఆ బ్రోకరు నీకెంతిచ్చాడే?"

"నాలుగు వేలు."

అక్క పెన్నుకు మూత పెట్టింది. కాగితాలు మడిచి సంచిలో వేసుకుంది.

"మరీ చవగ్గా అమ్ముడుపోయావే," అంది.