వెనక్కి తొక్కితే బ్రేకు

మా ఆయన జెలాల్‌కి సైకిలంటే చిన్నచూపు. రోటర్‌డామ్‌లో ముప్పై ఏళ్ళుగా ఉంటూ, పక్కవీధిలో రొట్టెలు తేవడానికి కూడా కారు తీస్తాడు. అడిగితే, "చిన్నప్పుడు మా ఊళ్ళో రోజూ ఆరు కిలోమీటర్లు సైకిల్ తొక్కి బడికెళ్ళినవాణ్ణి. ఆ ముచ్చట తీరిపోయింది" అంటాడు. నిశ్చితార్థం నాటి నుంచి ఈ మాట వింటూనే ఉన్నాను.

నేను మాత్రం యాభై మూడేళ్ళు వచ్చేదాకా సైకిల్ ముట్టుకోలేదు. ఇరవై ఏళ్ళు ఆఫీసుల్లో నేలలు తుడిచాను. నడుం ఇక వంగనని మొరాయించాక, ముసలివాళ్ళకి ఇంటికెళ్ళి సాయం చేసే పని నేర్చుకున్నాను. నాకు సరిగ్గా రాని భాషలో పరీక్ష రాసి మరీ సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. ఉద్యోగం ఇస్తామన్నారు గానీ ఒక మెలిక పెట్టారు. పొద్దున ఏడు నుంచి పన్నెండులోపు తొమ్మిది ఇళ్ళు తిరగాలి. ఒకరికి కాళ్ళ వాపు తగ్గించే బిగుతు మేజోళ్ళు తొడగాలి, ఒకరికి స్నానం, ఒకరికి మందులు. కారు పెట్టడానికి చోటుండదు. ట్రామ్‌ని నమ్ముకుంటే మూడో ఇంటికే మధ్యాహ్నమవుతుంది.

"మార్చి మొదటి సోమవారం సైకిల్ మీద రండి. లేకపోతే వేరేవాళ్ళని తీసుకోవాల్సి వస్తుంది" అంది ఆఫీసావిడ, మర్యాదగానే.

అలా డిసెంబరులో రీట్ దగ్గర చేరాను. డెబ్బై ఒక్కేళ్ళ డచ్చావిడ, వెదురు కర్రలా ఉంటుంది. చర్చి వెనక పెరట్లో ఆడవాళ్ళకి ఊరికే సైకిల్ నేర్పుతుంది. మేం ఆరుగురం. అందరం పిల్లల్ని కని పెంచినవాళ్ళమే, సైకిల్ ఎక్కడం మాత్రం అందరికీ అదే మొదటిసారి.

ఎక్కుదామంటే పెడల్ కిందికుంది. పైకి తెచ్చుకుందామని కాలితో వెనక్కి తిప్పాను. కదల్లేదు. ఒక్క తాపు తన్నాను.

"రీట్, ఇది జామైపోయింది."

"నాదీ అంతే!" అంది షుక్రాన్. మా పై అంతస్తు వాళ్ళ కోడలుపిల్ల, నన్ను అక్కా అంటుంది.

రీట్ కడుపు పట్టుకుని నవ్వింది. "పాడవలేదు తల్లుల్లారా, అదే బ్రేకు. ఈ ఊరి సైకిల్ వెనక్కి తొక్కితే ఆగుతుంది. వెనక చక్రం కాస్త ఎత్తి, పెడల్ ముందుకు తిప్పుకోండి. మొదటిరోజు అందరూ ఇదే అంటారు."

ఆడలేక మద్దెల ఓడంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

ఇంట్లో దెప్పుళ్ళు సరేసరి. రీట్ మా అందరికీ ఇచ్చిన నారింజ రంగు కోటు చూసి జెలాల్, "ఇది వేసుకుని బయటికెళ్ళకు, రోడ్డు మరమ్మతుకొచ్చావనుకుని గునపం చేతికిస్తారు" అన్నాడు. మంచులో జారి మోచెయ్యి గీరుకుని వస్తే, "ఈ వయసులో సోకులు" అన్నాడు. నాకు ఒళ్ళు మండేది. నేలలు తుడవడానికి లేని వయసు సైకిల్‌కి ఎక్కడి నుంచి వచ్చింది?

ఫిబ్రవరి ఆఖరి శనివారం రీట్ మమ్మల్ని మొదటిసారి ఊళ్ళోకి తీసుకెళ్ళింది. ఎల్లుండే నా సోమవారం. ట్రామ్ వీధి మలుపు దగ్గర షుక్రాన్ ఆగిపోయింది.

"అక్కా, కాలవ పక్క నుంచి పోదాం. ఈ వీధిలో మన దేశంవాళ్ళ టీ కొట్టుంది. మా మామయ్య అక్కడే కూర్చుంటాడు."

"మా ఆయనా అక్కడే కూర్చుంటాడు. ఎల్లుండి నా మూడో ఇల్లు ఈ వీధిలోనే. రోజూ ఎటు దాక్కోమంటావు? దొంగతనానికి పోతున్నామా?"

రీట్ చెయ్యి చాపి నేరుగా వీధిలోకి తిరిగింది. వెనకే నేను.

అంతా బాగానే ఉంది, సామాన్ల వ్యాను ఒకటి అడ్డంగా ఆగి ఉండకపోతే. ట్రామ్ పట్టాలు అడ్డంగా దాటాలి, వాటి వెంబడి పోకూడదని రీట్ వందసార్లు చెప్పింది. కంగారులో మరిచిపోయి వ్యానుని తప్పించబోయాను. ముందు చక్రం పట్టా గాడిలో దిగింది. టీ కొట్టుకి సరిగ్గా ఎదురుగా, పిండి బస్తాలా పడ్డాను.

కుర్చీలు కిర్రుమన్నాయి. మగవాళ్ళంతా గాజు గ్లాసులతో సహా బయటికొచ్చారు.

"వదినా!" అన్నాడు రాసిమ్, జెలాల్ నేస్తం. "ట్రామ్ ఎక్కాలంటే టికెట్టు కొనాలి గానీ, పట్టాల మీద పడుకోకూడదు."

గొల్లుమన్నారు. జెలాల్ మాత్రం నవ్వలేదు. గబగబా వచ్చి నా రెక్క పట్టుకుని లేపాడు.

"చూశావా, నలుగురిలో పరువు తీశావు. ఇంటికి పద. ఆ ఆఫీసుకి ఫోన్ చేసి, రానని చెప్పెయ్."

మోకాలు మండుతోంది, కానీ ఆ మాట ఇంకా మండింది. రానని చెప్పాలట! నేను రాసిన పరీక్షని, నా తొమ్మిది ఇళ్ళని, ఒక్క మాటతో వీధిలో పారేశాడు.

చెయ్యి విడిపించుకున్నాను. హ్యాండిల్ వంకరపోయింది. రీట్ నేర్పినట్టే చక్రాన్ని మోకాళ్ళ మధ్య బిగించి సరిచేశాను.

"పడ్డది చూశారుగా. లేచింది కూడా చూడండి" అన్నాను అందరితో. తర్వాత సైకిల్‌ని జెలాల్ ముందుకి నెట్టాను. "నువ్వు ఎక్కు. ఆరు కిలోమీటర్లు వద్దులే, ఆ దీపస్తంభం దాకా పోయిరా. నన్ను మానమనే ముందు ఎలా తొక్కాలో చూపించు."

"ఇప్పుడా? ఈ బట్టల్లోనా?"

"ఎక్కు జెలాల్, బడికి టైమైపోతోంది!" అన్నాడు రాసిమ్. అతనికి నవ్వడానికి ఎవరైతేనేం.

జెలాల్ హ్యాండిల్ పట్టుకున్నాడు. పెడల్ కిందికుంది. బూటుతో వెనక్కి తిప్పాడు. కదల్లేదు. ఇంకాస్త గట్టిగా తన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఏం ఎక్కమంటావు! పడి పెడల్ విరగ్గొట్టావు. జామైపోయింది."

నా వెనక ఐదు నారింజ కోట్లు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ముందుగా షుక్రానే పకపకా నవ్వింది, అదీ తన మామయ్య ఎదురుగా. నాకు నవ్వు రాలేదు, ముప్పై ఏళ్ళ కోపం వచ్చింది.

"జామవలేదు జెలాల్. అది బ్రేకు. మొదటిరోజు మేమంతా ఇదే అన్నాం. మీ ఊళ్ళో ఏం తొక్కావో నాకు తెలీదు గానీ, ఈ ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా ఒక్కసారి కూడా సైకిల్ ఎక్కలేదు నువ్వు."

రాసిమ్ గ్లాసులోకి చూసుకున్నాడు. అక్కడున్న వాళ్ళలో ఎంతమందికి సైకిల్ వచ్చో నేను అడగలేదు, అడక్కుండానే ఇద్దరు లోపలికెళ్ళిపోయారు.

వెనక చక్రం ఎత్తాను. పెడల్ ముందుకు తిప్పాను. ఎక్కి, అవే పట్టాలు అడ్డంగా దాటాను. మళ్ళీ వెనక్కొచ్చి దాటాను. మూడోసారి నా వెనక ఐదుగురూ దాటారు.

సోమవారం ఏడుకి పావుగంట ముందే ఆఫీసు ముందు సైకిల్ దిగాను. ఆఫీసావిడ గీరుకుపోయిన నా అరచేయి చూసి, తొమ్మిది ఇళ్ళ తాళంచెవులు అందులో పెట్టింది.

జెలాల్ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. గురువారం పప్పు సూప్ తాగుతూ, నా వైపు చూడకుండా అడిగాడు.

"ఆ రీట్... మగవాళ్ళకి కూడా నేర్పుతుందా?"

"నేర్పుతుంది. నారింజ కోటు మాత్రం తప్పదు."

చాలాసేపు గిన్నెలో చెంచా తిప్పాడు.

"నాకు పట్టే సైజు ఉంటుందా?"